ఫెర్నాండెజ్, హెర్నాండెజ్, ఫెర్నాండెస్ మూడూ ఒకే ఇంటిపేరా? గోవా, మంగళూరు వాళ్ళకి ఎలా వచ్చింది?

ఒకటేనండి. నేనూ చాలా ఏళ్ళు వేరువేరనే అనుకున్నా. నా మొదటి ఉద్యోగం మంగళూరులో, అద్దెకున్న ఇంటి ఓనర్ ఆంటీ వాళ్ళు ఫెర్నాండెస్‌లు, ఇంట్లో కొంకణి, పనమ్మాయితో కన్నడ. తర్వాత టెక్సాస్ వచ్చాక ఆఫీసులో పక్క సీటాయన హెర్నాండెజ్, వాళ్ళది మెక్సికో. నేను హ గట్టిగా పలికితే ఆయన నవ్వి, హ రాస్తాం గానీ పలకం, ఎర్నాందెస్ అనాలి అన్నాడు.

అసలు పేరు ఫెర్నాండో. 711 దాకా స్పెయిన్‌ని ఏలిన గోత్ అనే జాతివాళ్ళు తెచ్చిన జర్మానిక్ (జర్మన్ భాషాకుటుంబానికి చెందిన) పేరు అది, అందులో రెండో సగానికి తెగువ అని అర్థం. చివర ఎజ్ అంటే ఫలానా ఆయన కొడుకు అని. మొదట్లో తండ్రి పేరుని బట్టి తరానికోసారి మారేది, తర్వాత మారకుండా ఇంటిపేరుగా స్థిరపడిపోయింది.

మరి ఫ కాస్తా హ ఎందుకయింది అంటే, నాకైతే ఆంటీ వాళ్ళ వంటింట్లోనే దొరికింది జవాబు. నేను పాలు అంటే వాళ్ళ పనమ్మాయి హాలు అనేది, మన పువ్వు వాళ్ళకి హూవు, పులి హులి. కన్నడలో ప హ అయినట్టే స్పెయిన్‌లోని కాస్టిల్ ప్రాంతం వైపు స్పానిష్‌లో ఫ హ అయింది, ఆ తర్వాత ఆ హ కూడా నోట్లోంచి జారిపోయి రాతలో మాత్రం మిగిలింది. పిండిని లాటిన్‌లో ఫరీనా అంటారు, స్పానిష్‌లో అరీనా అంటారు కానీ ముందు హ రాస్తారు. 1521లో మెక్సికోలోని ఆజ్‌టెక్ రాజ్యపు రాజధానిని పట్టుకున్న ఎర్నాన్ కోర్తెస్ పేరు కూడా ఈ ఫెర్నాండోనే! పాత ఫ పూర్తిగా పోలేదు కాబట్టి రెండు రూపాలూ ఉండిపోయాయి.

పోర్చుగీసులో చివర జ్ కాదు, స్. వాళ్ళు 1510లో గోవా పట్టుకున్నాక బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకి పోర్చుగీసు ఇంటిపేర్లు వచ్చాయి, అక్కణ్ణించి వలసొచ్చినవాళ్ళతో మంగళూరు చేరాయి. తూత్తుకుడిలో, శ్రీలంకలో అయితే ఫెర్నాండో అనేదే ఇంటిపేరు. ఫిలిప్పీన్స్ సంగతి వేరు, అక్కడ 1849లో స్పెయిన్ గవర్నర్ ఇంటిపేర్ల జాబితా ఒకటి వేయించి ఊళ్ళకి పంచాడు, అందుకే అక్కడ స్పెయిన్ వాళ్ళ ఇంటిపేరు ఉందంటే స్పెయిన్ రక్తం ఉందని కాదు.

మంగళూరులోనూ అంతే. మీకు పోర్చుగీసు చుట్టాలున్నారా అని ఆంటీని ఓసారి అడిగేశా. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, మతం మారకముందు మా ఇంటిపేరు ప్రభు, మా అత్తగారు చెప్పేవారు, నువ్వూ గుర్తుపెట్టుకో బాబూ అంది.