అమెరికా హోమ్‌స్టెడ్ కుటుంబాల్లో ఆడపిల్లల బాల్యం ఎలా ఉండేది?

1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, కొత్త చోట స్థిరపడేవాళ్లకు ప్రభుత్వం 160 ఎకరాలు దాదాపు ఉచితంగానే ఇచ్చేది, కాకపోతే ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేయాల్సి వచ్చేది. (ఆ నేల అంతకుముందు ఆదివాసీ తెగలది, అది వేరే కథ.) నెబ్రాస్కా, కాన్సాస్ మైదానాల్లో చెట్లు తక్కువ. అందుకే గడ్డివేళ్లతో సహా కోసిన మట్టిపెళ్లలతో ఇల్లు కట్టేవారు. వానొస్తే పైకప్పు నుంచి బురద కారేది, ఒక్కోసారి పాములూ దిగేవి. కట్టెలు దొరకవు కాబట్టి పొయ్యిలోకి ఎండుపేడ ఏరుకురావడం పిల్లల పని; మన పిడకలు తెలిసినవాళ్లకు ఇది వింతేం కాదు. నీళ్లు మోయడం, వెన్న చిలకడం, తమ్ముళ్లను చూసుకోవడం ఎలాగూ ఆడపిల్లలవే. బడి ఏడాదిలో కొన్ని నెలలే. 1888 జనవరి 12 మంచు తుఫానులో బడి నుంచి బయల్దేరిన పిల్లలు చాలామంది దారిలోనే చనిపోయారు. అయితే 21 ఏళ్లు నిండిన పెళ్లికాని అమ్మాయి తన పేరు మీదే భూమికి దరఖాస్తు పెట్టుకునే వీలుండేది.