మళ్ళీ చూశాకే రాయి

చిరంజీవి అమ్మడికి,

ఆశీస్సులు. సినిమా విమర్శ రాయడానికి సిద్ధపడుతున్నావని, పాతవీ కొత్తవీ మళ్ళీ చూసి ఒక్కోదాని మీద వివరంగా రాస్తానంటున్నావని మీ నాన్న చెప్పాడు. వాడికి కంగారుగా ఉంది. నాకూ కంగారే, కానీ దాని వెనకాల బోలెడంత సంతోషం ఉంది. మన ఇంట్లో నా తర్వాత ఈ పని మీద మనసు పడింది నువ్వొక్కదానివే. ఫోన్లో అయితే సగం మర్చిపోతానని ఉత్తరం రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందే చెప్పేస్తాను. టికెట్ నీ డబ్బుతో కొనుక్కో. కథంతా చెప్పేసి దాన్ని సమీక్ష అనకు. దర్శకుడితో పాటు ఛాయాగ్రాహకుడు, ఎడిటర్, కళాదర్శకుడి పేర్లు టైటిల్స్‌లో చూసి రాసుకో. అభిమానులు తిడతారు, తిట్టనీ. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరే. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాయడం, చిన్నప్పుడు చూసింది గుర్తు తెచ్చుకుని ఇవాళ తీర్పు చెప్పడం. ఈ రెండూ మన సినిమా రాతలకు పట్టిన పాత జబ్బులు. అవి నీకు అంటకూడదు.

మన మొదటి టాకీ సంగతే చూడు. హెచ్.ఎం.రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరూ రాశారు. పత్రికలు రాశాయి, పుస్తకాలు రాశాయి, సభల్లో చెప్పారు, ఆ తేదీన పండగ కూడా చేశారు. దానికి ఆధారం ఏమిటని అడిగినవాళ్ళు లేరు. ముందువాళ్ళు రాశారు కాబట్టి వెనకవాళ్ళు రాశారు, అంతే. చివరికి పరిశోధకుడు రెంటాల జయదేవ పాత కాగితాల్లోకి దిగి వెతికితే అసలు సంగతి బయటపడింది. ఆ సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిందే 1932 జనవరి 22న. బొంబాయిలో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న. సెన్సార్ కాకముందే సినిమా ఎలా విడుదలవుతుందమ్మా? ఆ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే చాలు, మొత్తం కదిలిపోయేది.

‘తేదీయే కదా అత్తయ్యా, ఐదు నెలల తేడాకి ఇంత గొడవా’ అనకు. అదే హెచ్.ఎం.రెడ్డి తీసిన ‘కాళిదాస్’ 1931 అక్టోబర్ 31న వచ్చింది. అందులో తమిళంతో పాటు తెలుగు మాటలూ వినిపించాయి. పాత లెక్క ప్రకారం ప్రహ్లాద ముందు, కాళిదాస్ వెనక. అసలు లెక్కలో కాళిదాసే ముందు. అంటే తెరమీద తెలుగు ఎప్పుడు, ఎలా వినిపించడం మొదలైంది అన్న కథే మారిపోయింది. ఆ వరస నమ్ముకుని ఎంతమంది ఎన్ని వ్యాసాలు రాశారో! పైగా ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు మనకు మిగల్లేదు. కళ్ళతో చూసి సరిచూసుకునే వీలు లేని సినిమా గురించి మరింత జాగ్రత్తగా ఉండాలి కదా? మనవాళ్ళు మరింత ధైర్యంగా రాశారు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

నేను పత్రికలో చేరినప్పుడు మా డెస్కులో ఒక పెద్దాయన ఉండేవారు. ఎవరు ఏ సినిమా మీద రాసిచ్చినా పెన్సిల్ పట్టుకుని ఒక్కో వాక్యం దగ్గర ఆగేవారు. “ఇది తెరమీద చూశావా, ఎవరైనా చెప్పారా?” అని అడిగేవారు. నీళ్ళు నమిలితే ఆ వాక్యం కొట్టేసేవారు. అప్పుడు ఇంట్లో వీడియో లేదు. హాల్లోంచి సినిమా ఎత్తేశారంటే మళ్ళీ ఎప్పుడు చూస్తామో తెలీదు. చీకట్లో ఒళ్ళో కాగితం పెట్టుకుని గిలికేదాన్ని. ఒక వాక్యం మీద మరో వాక్యం పడి, ఇంటికొచ్చాక నాకే అర్థమయ్యేది కాదు. నీకు ఆ బాధ లేదు. కావాల్సిన సీను పదిసార్లు వెనక్కి తిప్పుకోవచ్చు. అంత సదుపాయం ఉండి కూడా చూడకుండా రాస్తే నేను ఊరుకోను, ముందే చెప్తున్నాను.

చూడటం అంటే ఎలా చూడాలో చెప్తాను. ‘మాయాబజార్’ గొప్పదని అందరూ అంటారు. నువ్వూ అంటే అందులో కొత్తేముంది? శశిరేఖ రూపంలో ఘటోత్కచుడున్న సీన్లు పెట్టుకుని సావిత్రిని మాత్రమే చూడు. ముఖం అదే, నగలు అవే. కానీ భుజాలు విరుచుకుంటాయి, అడుగు బరువుగా పడుతుంది, చూపులో ఎస్వీ రంగారావు కనిపిస్తాడు. ఎవరైనా వస్తున్నారనగానే ఒళ్ళంతా మళ్ళీ ఆడపిల్లదైపోతుంది. ఆ మార్పు ఎక్కడ మొదలైంది, మెడలోనా, నడకలోనా? అది పట్టుకుని రాస్తే చదివినవాడు వెళ్ళి మళ్ళీ చూస్తాడు. మహాభారతంలోని వాళ్ళ కథే అయినా ఇందులో పాండవులు తెరమీదికే రారు, గమనించావా? వాళ్ళ లోటు ఎందుకు తెలియలేదో ఆలోచించు. దర్శకుడు కె.వి.రెడ్డి మీద నీ వ్యాసం అక్కడ మొదలవచ్చు.

ఏ ప్రింటు చూశావో కూడా తప్పకుండా రాయి. 1957 నాటి నలుపు తెలుపుల్లో చూశావా, 2010లో రంగులద్దిన దాంట్లో చూశావా? ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ ఆ సినిమాలో వెన్నెలని నలుపు తెలుపుల కోసం వెలిగించాడు. రంగుల్లో చూసి ఆయన పనితనం మీద తీర్పు చెప్తే అన్యాయం.

ఇక తిరిగి అంచనా వేయడం. ఇక్కడ నీ వయసువాళ్ళు రెండు రకాలుగా తప్పుతున్నారు. కొందరు పాత సినిమాని నిలబెట్టి ఈనాటి నేరాలన్నీ దాని మీద మోపుతారు. కొందరు ‘ఆ రోజులు వేరు’ అని చేతులు కట్టుకుంటారు. 1955లో ఎల్.వి.ప్రసాద్ తీసిన ‘మిస్సమ్మ’ తీసుకో. బి.ఏ. చదివి ఉద్యోగం దొరకని ఇద్దరు, ఆయన హిందువు, ఆవిడ మేరీ అనే క్రైస్తవురాలు, కొలువు కోసం మొగుడూపెళ్ళాలమని అబద్ధమాడతారు. ఎంత ధైర్యమైన మొదలు! నిరుద్యోగం, మతం, పెళ్ళి మూడూ ఒకే ముడిలో పడ్డాయి. చివరికొచ్చేసరికి ఆ పిల్ల జమీందారు తప్పిపోయిన కూతురని, కాలి మీద పుట్టుమచ్చ ఉందని తేలుతుంది. మతం ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన పనే తప్పిపోయింది. అక్కడ సినిమా వెనక్కి తగ్గిందని నేను అనుకుంటాను. అయినా మొదటి రెండు గంటల్లో మేరీకి ఉన్న కోపం, ఆత్మగౌరవం ఆ పుట్టుమచ్చతో చెరిగిపోవు. ఈ రెండూ ఒకే వ్యాసంలో రాయగలగాలి. ఒకటి రాసి ఒకటి దాస్తే అది సగం మాటే.

కాలం గడిస్తే తీర్పులు మారతాయి, దానికి బెంగపడకు. బ్రిటన్‌లో ‘సైట్ అండ్ సౌండ్’ అనే పత్రిక పదేళ్ళకోసారి విమర్శకుల్ని అడిగి గొప్ప సినిమాల జాబితా వేస్తుంది. 1952లో ‘బైసికిల్ థీవ్స్’ మొదట నిలిచింది. 1962 నుంచి 2002 దాకా ‘సిటిజన్ కేన్’ కదల్లేదు. 2012లో ‘వెర్టిగో’ దాన్ని దింపింది. 1958లో వచ్చినప్పుడు ఆ సినిమాని మెచ్చినవాళ్ళెంతమందో పెదవి విరిచినవాళ్ళూ అంతమంది. 2022లో శాంటాల్ ఆకెర్‌మన్ 1975లో తీసిన ‘జాన్ డీల్మన్’ పైకి వచ్చింది. సినిమాలు మారలేదు, చూసేవాళ్ళు మారారు. ఎవరెవరిని అడుగుతున్నారో అదీ మారింది.

కొత్త సినిమాలకి కూడా రెండో చూపు కావాలి. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ మొదటిసారి చూసినప్పుడు నాలుగు ప్రేమకథలు. ముగింపు తెలిసి మళ్ళీ చూస్తే అవే సీన్లు ఇంకోలా కనిపిస్తాయి. మొదటి ఆట అయిపోయిన గంటకే రాసినవాడికి ఆ రెండో సినిమా కనపడే వీల్లేదు. రీరిలీజ్‌లకి వెళ్ళు, ఈలల మధ్య కూర్చో, సరదాపడు. కానీ హాల్లో కేకలు విని సినిమా విలువ లెక్కగట్టకు.

విమర్శ రాసేవాళ్ళు సినిమా తీయడం చేతకానివాళ్ళని ఎవరో ఒకరు అంటారు. ముళ్ళపూడి వెంకటరమణ సినిమాలకు రాయకముందు ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాసేవారని చెప్పి ఊరుకో. వాదన పెట్టుకోకు, నీకు రాసుకునే పని ఉంది.

తిట్టినట్టు అనిపిస్తే మనసులో పెట్టుకోకమ్మా. నువ్వు బాగా రాస్తావు. స్కూల్లో ఉన్నప్పుడు నువ్వు రాసిన ఉత్తరాల్లోనే చూసింది చూసినట్టు చెప్పే గుణం ఉంది. అది పోగొట్టుకోకుండా ఉంటే చాలు.

మొదటిది ‘మిస్సమ్మ’ మీదే రాయి. అచ్చుకి ఇవ్వకముందు నాకు పంపు. తేదీలు, పేర్లు నేను సరిచూసి పెడతాను. నీ అభిప్రాయం జోలికి రాను, పుట్టుమచ్చ విషయంలో నాతో విభేదించినా సరే.

మీ అత్తయ్య