టమోటా పెడతానన్నావట, పాపా

పాపా,

పలమనేరు దగ్గర మన ఎకరాలో టమోటా పెడుతున్నావనీ, పురుగుకు విషం కొట్టకుండా, మొక్కల్లో సహజంగానే ఉండే రక్షణ హార్మోను జాస్మోనిక్ ఆమ్లం చల్లి గెలుస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆమె ఏడుస్తూ చెప్పింది, నేను మురిసిపోతూ విన్నాను. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. తిరుపతిలో ఇన్నేళ్లు పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని, నీకు చెప్పకుండా ఎట్లా ఉంటాను?

నారు ప్రోట్రేల్లో (గుంతల ప్లాస్టిక్ ట్రేల్లో) పెంచిందే తెచ్చుకో. డ్రిప్ వెయ్యి. కట్టెలు పాతడం ఆలస్యం చెయ్యకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

మొక్కకు మనం కొత్తగా పోరాటం నేర్పక్కర్లేదమ్మా, దానికి వచ్చు. పురుగు కొరికితే టమోటా ఆకులో సిస్టమిన్ విడుదలవుతుంది. 18 అమైనో ఆమ్లాలు గొలుసుగా కలిసిన చిన్న పెప్టైడు అది. దాని ప్రేరణతో జాస్మోనిక్ ఆమ్లం పెరుగుతుంది. అప్పుడు ఆకులో తయారయ్యే ప్రోటీన్లు పురుగు కడుపులోని జీర్ణరసాలను అడ్డుకుంటాయి. పురుగు తింటుంది గానీ, తిన్నది ఒంటబట్టదు. కొరికిన ఆకులోనే కాదు, పైనున్న ముట్టని ఆకుల్లోనూ ఇదే జరుగుతుందని గ్రీన్, రయాన్ అనే శాస్త్రవేత్తలు 1972లో టమోటా, బంగాళదుంప మొక్కల మీద చూపించారు. జాజి జాతి పూల నూనెలో ఉండే మిథైల్ జాస్మోనేట్ గాలిలో సోకినా టమోటా ఆకులు ఇట్లాగే సిద్ధమవుతాయని 1990లో ఫార్మర్, రయాన్ తేల్చారు. చదివితే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అయితే పుస్తకం వేరు, చేను వేరు. జాస్మోనిక్ ఎక్కువైతే మొక్క ఎదుగుదల తగ్గించుకుని రక్షణకే సత్తువ పెడుతుంది. ఆకు బాగుంటే చాలదు, మండీకి కాయ పోవాలి కదా. ఇంకొకటి, తెల్లదోమ. అది రసం పీల్చినప్పుడు మొక్క సాలిసిలిక్ ఆమ్లం అనే మరో రక్షణ హార్మోను వైపు మళ్లుతుంది, అది జాస్మోనిక్‌ను అణిచేస్తుంది. ఆకుముడత వైరస్‌ను మోసేదీ ఆ దోమే. ఒక్క సీసాతో రెండు రకాల పురుగులనూ ఆపుతానంటే కుదరదు. పసుపు జిగురు అట్టలు పెట్టు, ఆకుముడతను తట్టుకునే రకమే ఎంచుకో.

మీ మేనమామ సంగతి నీకు పూర్తిగా ఎవరూ చెప్పలేదు. అప్పటికి నువ్వు చంటిపిల్లవు. ఆ ఏడు ధర బాగా పలుకుతోంది. చేను పూత, పిందె మీద ఉంది. నాలుగు కాయలకు తొలుచు పురుగు తూట్లు కనపడగానే అంగడికి పోయి సింథటిక్ పైరిత్రాయిడ్ అనే పురుగుమందు తెచ్చి కొట్టాడు. వారం తిరిగేసరికి మళ్లీ కొట్టాడు. ఆ తర్వాత రెండు మందులు కలిపి కొట్టాడు. వేసవి సెలవులకు పోయిన నేను ఇంకా మందు పడని మూల సాలులో ఒక ఆకు తిప్పి చూశాను. ముడుచుకుపోయిన పురుగు తోలు, దాని పక్కనే బియ్యపు గింజంత గూడు. కందిరీగ జాతి చిన్న ఈగ ఒకటి ఆ పురుగు లోపల పెరిగి, దాన్ని చంపి, బయటికొచ్చి కట్టుకున్న గూడు అది. చేను తన పని తాను మొదలుపెట్టేసింది! వాడికి చూపించాను. "ధర ఉన్నప్పుడే కదక్కా" అన్నాడు.

పురుగు కొరికిన మొక్క జాస్మోనిక్ వల్లే గాలిలోకి కొన్ని వాసనలు వదులుతుంది. ఆ వాసన పట్టుకునే ఈ ఈగలు వస్తాయి. టమోటాకు జాస్మోనిక్ ఆమ్లం చల్లితే పురుగుల మీద వీటి దాడి పెరిగిందని 1999లో థేలర్ అనే శాస్త్రవేత్త పొలంలోనే చూపించింది. మామ చేలో మొక్కలు పిలిచాయి, వచ్చిన ఈగల్ని మందు చంపేసింది. తర్వాత తెల్లదోమ విరగబడింది. చెట్టు కదిపితే తెల్లగా లేచేది. కొసలన్నీ ముడుచుకుపోయాయి. కోత సగంలోనే ఆగింది, పాడి ఆవుల్ని అమ్మి అప్పు కట్టారు. మందు కొట్టిన ఒక రాత్రి వాడు వాంతులతో మంచం మీద పడిపోతే మీ అత్త తెల్లవార్లూ పక్కనే కూర్చుంది. మూతికి గుడ్డ కూడా కట్టుకోలేదు ఆ మొండివాడు. వాణ్ణి తప్పు పట్టకు. పిల్లల ఫీజులు కళ్ల ముందుంటే ఆకు తిప్పి చూసే ఓపిక ఎవరికుంటుంది?

అందుకే అడుగుతున్నా. జాస్మోనిక్ నాలుగు సాళ్లకే చల్లి చూడు, పక్క నాలుగు సాళ్లు వదిలెయ్. రెండింటి కాయా విడివిడిగా తూకం వేసి రాసిపెట్టు. 16 సాళ్లకు ఒక సాలు బంతి నాటు, తొలుచు పురుగు తల్లి అక్కడికే ముందు పోతుంది. లోపల ఏముందో రాయని "హార్మోన్ టానిక్" ఎవరు ఎంత బతిమాలి ఇచ్చినా కొనకు. పురుగు మించితే ముందు వేపనూనె, బీటీ (పురుగును చంపే బాక్టీరియా మందు), ఎన్‌పీవీ (పురుగుకు జబ్బు తెచ్చే వైరస్ మందు) చూడు. వేపనూనె అయినా సరే, మూతికి, చేతులకు తొడుగు లేకుండా పంపు భుజాన వేసుకున్నావని తెలిసిందో, బస్సెక్కి వచ్చి నలుగురిలో తిడతాను.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. నా భూతద్దం, జిగురు అట్టలకు కొంత డబ్బు మీ అన్నతో పంపిస్తున్నా. వారానికి రెండుసార్లు ఆకుల అడుగు భాగం ఫొటోలు తీసి పెట్టు, గూడేదో గుడ్డేదో నేను చెబుతాను. పొద్దున తినకుండా చేలోకి పోవద్దు.

ఇట్లు,
పెద్దమ్మ