క్రీమ్ ఆపగానే తామర తిరగబెడుతోందా? ట్యూబ్ వెనక చదవండి

గజ్జల్లో తామర నాలుగు రోజుల్లో తగ్గి, క్రీమ్ ఆపగానే రెట్టింపవుతోందా? అయితే ట్యూబ్ మీద క్లోబెటసాల్ లేదా బీటామెథసోన్ అని ఉందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. దురద, ఎరుపు అణుగుతాయి, తామర తెచ్చే ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. మచ్చ అంచు చెరిగిపోయి చూసినవాళ్లకి తామరలా కూడా కనిపించదు. నెలల తరబడి రాసుంటే డాక్టర్‌కి చూపించి ఆపండి; మొదట్లో మంట, దురద పెరగొచ్చు.

స్టెరాయిడ్ కలవని, ఫంగస్‌ని చంపే ఒట్టి టెర్బినాఫిన్ 1 శాతం క్రీమ్‌ని, బాగా తుడిచి ఆరిన చర్మం మీద, మచ్చ అంచు దాటి 2 సెంటీమీటర్ల దాకా పల్చగా రాయండి. మచ్చ పోయినా ఇంకో వారం, రెండు వారాలు రాయాలి. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

కాలివేళ్ల సందులు కూడా చూసుకోండి. తెల్లగా నానినట్టుంటే అక్కడా ఫంగసే కావచ్చు. లోదుస్తులు తొడిగేటప్పుడు అది గజ్జల్లోకి ఎక్కుతుంది. ముందు సాక్సులు వేసుకుని, తర్వాత లోదుస్తులు తొడగండి. గోళ్లకీ పాకితే ఈ క్రీమ్ చాలదు, మాత్రలు కావాలి.