అత్యవసర నిధి లేకుండా యురేనియం గాజు దీపాలు కొనవచ్చా?

ప్రశ్న: నూరేళ్లు దాటినవని అమ్మకందారు చెబుతున్న ఒక జత యురేనియం గాజు దీపాలను వ్యక్తిగత రుణంతో కొని, మూడేళ్ల తరువాత ధర పెరిగాక అమ్మి అప్పు తీర్చాలనుకుంటున్నాను. ప్రస్తుతం నా పొదుపు ఒక నెల ఖర్చులకు సరిపోతుంది. ఈ ఆలోచన సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. దయచేసి ఈ రుణం తీసుకోకండి. ఇలాంటి ఆలోచనతో అప్పు చేసేవారు చాలామంది ఉన్నారు కాబట్టే వివరంగా రాస్తున్నాను.

మీ ఇష్టాన్ని నేను తప్పుపట్టడం లేదు. రంగు కోసం కొద్దిగా యురేనియం కలిపిన, మామూలు వెలుగులో లేత పసుపుగానో ఆకుపచ్చగానో ఉండే ఈ గాజు, అతినీలలోహిత కాంతి సోకగానే చిక్కటి పచ్చని వెలుగు చిమ్మడం నిజంగా అపురూపమైన దృశ్యం. 1830లలో బొహీమియాలో (నేటి చెక్ దేశంలోని ప్రాంతం) గాజు తయారీదారు ఫ్రాంజ్ క్సావర్ రీడెల్ తన కుమార్తె అన్నా పేరు మీద ఈ రంగు గాజును తయారు చేయడం, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో యురేనియంపై ఆంక్షల వల్ల ఉత్పత్తి దాదాపు ఆగిపోవడం సేకరణకర్తల మక్కువను పెంచాయి. అయితే ఆ వెలుగు గాజులో యురేనియం ఉందని చెబుతుందే తప్ప దాని వయసును చెప్పదు. యుద్ధం తరువాత కూడా ఇలాంటి గాజు తయారైంది, ఇప్పటికీ తయారవుతోంది. పైగా దీపాల విషయంలో గాజు డోము (దీపం మీది గాజు కప్పు) ఒక కాలానిది, కింది దిమ్మె మరొక కాలానిది కావచ్చు. లోహపు పట్టీ కింద దాగిన చిన్న పెచ్చు కూడా ధరను గణనీయంగా తగ్గిస్తుంది.

మంచి ధర ఇచ్చే కొనుగోలుదారు దొరికేవరకు వేచి ఉండగలిగినవారికే ఇటువంటి వస్తువుల మీద లాభం వస్తుంది. మీరు వేచి ఉండలేరు, ఎందుకంటే వాయిదా ప్రతి నెలా కట్టవలసిందే. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైనా, ఒక్క నెల పొదుపు కరిగిపోయాక వ్యాపారి చెప్పిన ధరకే ఆ దీపాలను అమ్ముకోవలసి వస్తుంది. అమ్మినా అప్పు మిగిలిపోవచ్చు. క్రెడిట్ కార్డుతో కొన్నా, బంగారం తాకట్టు పెట్టి కొన్నా జరిగేది ఇదే.

రుణానికి కట్టగలనని మీరు లెక్క వేసుకున్న వాయిదా మొత్తాన్ని ఈ నెల నుంచే అత్యవసర నిధిలో వేయండి. కనీసం ఆరు నెలల ఖర్చులు, ఆదాయం నిలకడగా లేకపోతే తొమ్మిది నెలల ఖర్చులు, అవసరమైన రోజే తీసుకోగల ఖాతాలో చేరేవరకు ఏ దీపమూ కొనకండి. ఆ తరువాత అదే మొత్తాన్ని దీపాల కోసం దాచుకోవచ్చు, లేదా విడి డోము ఒకటి కొని సేకరణ మొదలుపెట్టవచ్చు. కొన్న రోజునే ఇంటి బీమాలో దాన్ని విడిగా నమోదు చేయించి, పగిలితే పరిహారం వస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. పాత తీగలను ఎలక్ట్రీషియన్ పరీక్షించేదాకా స్విచ్ వేయకండి.