పాత వెండి రూపాయి మీద ముద్ర కొట్టి ఉంటే విలువ తగ్గుతుందా?

మీ అమ్మమ్మగారి పెట్టెలో దొరికిన 1840 నాటి విక్టోరియా రాణి రూపాయి మీద పువ్వు లాంటి చిన్న ముద్రలు రెండున్నాయి, రేటు పెరుగుతుందా తగ్గుతుందా అని అడిగారు. మీ నాణెం వరకు తగ్గుతుందండి. ముద్ర ఎవరు కొట్టారన్న దాన్ని బట్టే అంతా ఉంటుంది.

మీరు చెప్పినవి షరాబుల (నాణేలు పరీక్షించి మార్చే వ్యాపారుల) ముద్రల్లా ఉన్నాయి. వెండి మంచిదేనని చూసి, గుర్తుగా కొట్టేవారు. మొగలుల రూపాయల మీద, ఆర్కాటు రూపాయల మీద ఇవి మామూలే, సేకరించేవాళ్లు పెద్దగా పట్టించుకోరు. టంకశాల పేరు మీదో, సంవత్సరం మీదో పడితే మాత్రం రేటు పడిపోతుంది. విక్టోరియా రూపాయి అలా కాదు. మిషన్ మీద అచ్చయింది, శుభ్రమైనవి బోలెడు దొరుకుతాయి. ఇక రాణి బుగ్గ మీద దెబ్బ ఉన్నది ఎవరికి కావాలి?

నా దగ్గరా ఇలాంటిదే ఒకటుంది. విశాఖ కురుపాం మార్కెట్‌లో ఒక కొట్లో చూపిస్తే, ఆయన అటూ ఇటూ తిప్పి కాటాలో పడేసి "వెండి లెక్కకి తీసుకుంటానండి" అన్నాడు. ఆయన తప్పేం లేదు. నాణెం 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. అరుగుదల లేకపోతే దాదాపు 10.7 గ్రాముల వెండి ఉన్నట్టు. ఆ రోజు ధరతో గుణించుకుని వెళ్లండి. తరుగు పేరుతో మరీ కోసేస్తుంటే పక్క కొట్టుకి వెళ్లడమే.

సర్కారు కొట్టించిన ముద్రలైతే కథ మారిపోతుంది. 1889 ప్రాంతంలో పోర్చుగీసువాళ్లు మొజాంబిక్‌లో మన రూపాయల మీదే కిరీటం, ‘పీఎం’ అక్షరాలు కొట్టి చలామణీ చేశారు. 1797లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ స్పెయిన్ వెండి డాలర్ల మీద తమ రాజు మూడో జార్జ్ తల కొట్టింది. ఇలాంటివాటికి మామూలు నాణెం కన్నా ఎక్కువ ఇస్తారు. చైనా వర్తకుల ముద్రలున్న అమెరికా ట్రేడ్ డాలర్లనే (ఆసియా వ్యాపారం కోసం అచ్చేసిన వెండి నాణేలు) వెతికి కొనేవాళ్లూ ఉన్నారు. అందుకే దొంగ ముద్రలూ తయారయ్యాయి! భూతద్దంతో చూడండి. పాత ముద్ర గుంటలో కూడా మిగతా నాణెం మీదున్న నలుపే ఉంటుంది. గుంట ఒక్కటే తళతళలాడుతుంటే అనుమానించాల్సిందే. అందుకే చింతపండు పెట్టి తోమొద్దు, ఆ ఆధారం పోతుంది.

ఇంకోటి, అంచున టంకం మచ్చ ఉందేమో చూడండి. మనవైపు రూపాయలకి కొక్కెం అతికించి మెడలో వేసుకునేవారు కదా. ఆ మచ్చ ఉంటే ముద్రల గొడవే అక్కర్లేదు, వెండి లెక్కే.