ఫసలీ 1286

చిరంజీవికి ఆశీస్సులు.

మన జిల్లాల వెనకబాటు మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. “తెల్లవాళ్లు దోచుకున్నారు, అందుకే వెనకబడ్డాం” అని మొదటి పేరాలోనే తీర్పు చెప్పేశావు. తీర్పు తప్పనను. కానీ అంతటా ఏలింది వాళ్లే కదా, ఒక జిల్లా ఇలా, పక్క జిల్లా అలా ఎందుకున్నాయి? మన పని అక్కడ మొదలవుతుంది.

ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో అడిగింది ఇదే. శిస్తు వసూలును జమీందార్లకు అప్పగించిన జిల్లాలు, జమీందారీలు రద్దయ్యాక కూడా, రైతుల దగ్గరే నేరుగా శిస్తు వసూలు చేసిన జిల్లాలకన్నా దిగుబడిలో వెనకే ఉన్నాయని చూపారు. అయ్యర్ 2010 నాటి పరిశోధన నాకు ఇంకా ఇష్టం. మంచి నేలలున్న రాజ్యాలనే కంపెనీ ఏరి కలుపుకుందేమోనన్న అనుమానం ఎప్పుడూ వెంటాడుతుంది. ఆవిడ డల్హౌసీ రాజ్యసంక్రమణ సిద్ధాంతాన్ని, అంటే కన్నకొడుకు లేకుండా రాజు పోతే ఆ రాజ్యాన్ని కంపెనీ కలిపేసుకునే పద్ధతిని, పట్టుకుంది. రాజుకు కొడుకు పుట్టడం, పుట్టకపోవడం భూసారాన్ని బట్టి జరగదు కదా! అలా చూస్తే, నేరుగా బ్రిటిష్ పాలన కిందికి వెళ్లిన ప్రాంతాల్లో, సంస్థానాలుగా మిగిలిన వాటికన్నా, తరవాతి కాలంలో బడులు, ఆరోగ్య కేంద్రాలు, రోడ్లు తక్కువని తేలింది. ఆ ఉపాయం నాకు తట్టనందుకు ఇప్పటికీ అసూయే.

ఇక నీ మూడో పట్టిక. జమీందార్లున్న గోదావరిని, రైతులే నేరుగా శిస్తు కట్టిన అనంతపురంతో పోల్చి, జమీందారీయే నయమన్నట్టు రాశావు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఏమైంది? ఆ అంకెల్లో పారుతున్నవి కాటన్ కాలవ నీళ్లమ్మా. పైగా 1881 బళ్లారినీ 1891 బళ్లారినీ ఒకే జిల్లాగా లెక్కేశావు. మధ్యలో, 1882లో, అనంతపురం విడిపోయింది.

నవ్వుకోకు, నేను ఇంతకన్నా ఘనుణ్ణి. చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో జమాబందీ లెక్కలు, అంటే ఏటా శిస్తు తేల్చే లెక్కలు, ఎత్తి రాసుకుంటూ, జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరమైన ఫసలీని ముస్లింల హిజ్రీ అనుకున్నాను. ఫసలీ 1286 అంటే 1876 జూలై నుంచి ఏడాది, మహా కరువు కాలం. నా నోటుబుక్కులో ఆ శిస్తు లెక్క 1869 వానల పక్కన చేరింది. ఎనిమిది నెలల తరవాత, దఫ్తరాలు మోసుకొచ్చే పెద్దాయన నా భుజం మీదుగా చూసి, “590 కలపాలి బాబూ” అన్నాడు. మన ఊళ్ల రెవెన్యూ లెక్కల్లో నేటికీ ఫసలీయే నడుస్తోంది. కరణాన్ని అడిగినా చెప్పేవాడు, అడగలేదు.

ఆ ఎనిమిది నెలల్లో నా తోటివాళ్లు రెండేసి వ్యాసాలు అచ్చు వేయించుకున్నారు. నీకూ అలాంటి కాలం వస్తుంది. ఇంట్లో అడిగితే పని నడుస్తోందని చెప్పు, అబద్ధం కాదు.

ఎగ్మూరు వెళ్లేటప్పుడు మీ గైడు సంతకంతో ఉత్తరం, నాలుగు పెన్సిళ్లు పెట్టుకో. మూడో పట్టిక మళ్లీ వేసి పంపు.